చీకటి పడ్డాక ఒడ్డు నుంచి లూర్ వేట: ఏ నీరు, ఏ లూర్, ఏ దారం?

విజయవాడలోనో గుంటూరులోనో ఉంటూ, పగలంతా పనిలో గడిపి, చీకటి పడ్డాకే రాడ్ చేతపట్టగలిగేవారి కోసం ఈ పోలిక రాస్తున్నాను. లూర్ అంటే వానపాము, రొయ్య, తవుడు ముద్ద కాకుండా, ప్లాస్టిక్‌తోనో చెక్కతోనో రేకుతోనో చేసి, విసిరి లాగుతూ బతికున్న చేపలా ఆడించే నకిలీ ఎర. పగటి వేటకు చెప్పే సలహాలు చాలావరకు రాత్రికి పనికిరావు. పగలు చేప ఎరను చూసి వస్తుంది. రాత్రి మాత్రం ముందు నీటి కదలికను ఒంటితో పసిగట్టి, దగ్గరకు వచ్చాకే దాని ఆకారాన్ని చూస్తుంది. చేప పక్కల మీద మొప్పల నుంచి తోక దాకా సాగే పార్శ్వరేఖ అనే ఇంద్రియం ఈ పని చేస్తుంది. ఒడ్డున నిలబడిన మనకూ అప్పుడు కంటికన్నా చేతిదే పెత్తనం. అందువల్ల రాత్రి కోసం ఏ వస్తువు కొనబోయినా నేను రెండే ప్రశ్నలు వేసుకుంటాను: ఇది నీటిలో కదులుతున్నట్టు చేపకు తెలుస్తుందా, ఇది ఇప్పుడు ఏం చేస్తోందో నా చేతికి తెలుస్తుందా?

ముందుగా, ఏ చేప మీద ఆశ పెట్టుకోవచ్చో తేల్చుకోవాలి. బొచ్చె, శీలావతి మనకు ఎంత ఇష్టమైనా లూర్‌కు పడే చేపలు కావు. వాటికి పిండి ముద్దే సరైన దారి. కొర్రమీను లూర్‌ను ఉగ్రంగా పట్టే చేపే, కానీ దాని వేట ఎక్కువగా కంటిచూపు మీద సాగుతుంది కనుక తెల్లవారుజామున, సాయంసంధ్య వేళల్లోనే దాని కోసం వెళ్ళడం మేలు. గుర్రపు డెక్క అంచున కప్ప బొమ్మ లాంటి లూర్ ఆడించే ఆ వేట వేరే సంగతి. రాత్రి మంచినీటిలో అసలైన వేటగాడు వాలుగ. పెద్ద నోరు, పొడవాటి మీసాలు, పొట్ట కింద తోక దాకా సాగే రెక్క, వీటితో అది చీకటి పడ్డాక లోతు వదిలి గట్టు వారకు వచ్చి పరిగెల్ని తరుముతుంది. దాని తర్వాత చెప్పుకోవలసినవి జెల్లలు. ఉప్పునీటిలోనూ, ఉప్పూ తీపీ కలిసే పాయల్లోనూ పండుగప్ప రాజు. సముద్రపు ఒడ్డున మాగ, గొరక, చిన్న పారలు తగులుతాయి. పండుగప్ప ఉప్పు కలిసిన నీటిలో గుడ్లు పెట్టి, మంచినీటిలోకి ఎదురెక్కే చేప కనుక, ప్రకాశం బ్యారేజీ గేట్లు దానికి గోడ లాంటివి. బ్యారేజీకి ఎగువన పండుగప్ప కోసం రాత్రుళ్ళు వృథా చేసుకున్నవారిని నేను ఎరుగుదును. కొన్నాళ్ళు నేనూ వారిలో ఒకణ్ణే.

ఇక నీరు. మనకు అందుబాటులో ఉన్నవి మూడు రకాలు: బ్యారేజీ ఎగువన నది ఘాట్లు, దిగువకు పోయే పంట కాలువలు, సూర్యలంక వైపు సముద్రపు ఒడ్డు.

ఘాట్లలో పెద్ద సౌకర్యం కాళ్ళ కింద మెట్లు, నెత్తిన దీపాలు. 2016 పుష్కరాల నాటికి విస్తరించిన ఘాట్లలో రాత్రంతా వెలుతురు ఉండే చోట్లు ఉన్నాయి, ఆ వెలుతురే అసలు ఆకర్షణ. దీపానికి పురుగులు, పురుగులకు పరిగెలు, పరిగెలకు వేటచేపలు చేరతాయి. అయితే వేటచేప వెలుతురు నడిబొడ్డున ఉండదు. నీటి మీద వెలుగూ నీడా కలిసే గీత దగ్గర, నీడ వైపున కాచుకొని ఉంటుంది. కాబట్టి లూర్‌ను వెలుగులోకి విసిరి నీడలోకి లాగాలి తప్ప, చీకట్లో దూరాన వేసి కాళ్ళ దగ్గరకు చేర్చుకోవడం దండగ. ఇబ్బందులూ ఉన్నాయి. ఇది స్నానాల రేవు. చెప్పుల్లేని పాదాలు తిరిగే చోట తెగిన గాలం ఒక్కటి మెట్టు మీద ఉండిపోతే ఎవరి కాలికో గుచ్చుకుంటుంది. కార్తీక మాసంలో తెల్లవారుజామునే దీపాలు వదలడానికి జనం వస్తారు, వారు రాకముందే మనం సర్దుకోవాలి. చేపను మెట్ల మీద చంపి కోయడం ఎవరూ హర్షించరు. బ్యారేజీ మీదినుంచీ, గేట్లకు ఆనుకొనీ గాలం వేసే ఆలోచన అసలే వద్దు. గేట్లు ఎత్తే రోజుల్లో నది పక్కకు కూడా పోకూడదు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను చూసినవారికి దీని గురించి వేరే చెప్పనవసరం లేదు.

కాలువల సంగతి ఇందుకు భిన్నం. విజయవాడ ఊళ్ళో పారే ఏలూరు, రైవస్, బందరు కాలువల్లో నగరం దాటేదాకా లూర్ వేయడం నాకు ఇష్టం ఉండదు. చేప కన్నా ముందు చీరముక్క తగులుతుంది. గుంటూరు వైపు పశ్చిమ డెల్టా కాలువలు మేలు. దుగ్గిరాల దగ్గర కాలువలు చీలే లాకులు, వాటి కింద ఉన్న చిన్న లాకులు, తూములు, వంతెనలు, వీటి దగ్గర నీరు దూకి సుడి తిరిగి నెమ్మదించే చోట చిన్న చేపలు గుమిగూడతాయి. వాలుగ అక్కడికే వస్తుంది. నీరు ఉరికే నడిమధ్యలో కాక, ఉరవడికీ నిలవనీటికీ మధ్య ఉన్న సందులో లూర్ నడవాలి. కాలువ ఇరుకు కాబట్టి దూరం విసరనవసరం లేదు, కొత్తవారికి ఇది పెద్ద వరం. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మడుగుల్లో మిగిలిన చేపల్ని పట్టడం మాత్రం వేట అనిపించుకోదు. గట్టు మీద పాముల భయం నిజమైనదే: కట్లపాము, రక్తపింజర రెండూ చీకట్లో తిరిగేవే. బూట్లు, మందపు ప్యాంటు లేకుండా గడ్డిలో అడుగు పెట్టవద్దు. కూర్చోబోయే చోట, రాడ్ కింద పెట్టబోయే చోట ముందు లైటు వేసి చూడండి.

సూర్యలంక గుంటూరు నుంచి సుమారు అరవై కిలోమీటర్లు, అంటే ఆ రాత్రికి అదే పని. ఇసుక ఒడ్డు నెమ్మదిగా వాలుతుంది కనుక లోతు దూరంగా ఉంటుంది. అయినా చేప ఎప్పుడూ దూరంగానే ఉంటుందనుకోవడం పొరపాటు. అల విరిగే వరుసకూ ఒడ్డుకూ మధ్య ఇసుకలో పొడవుగా పడిన పల్లం ఒకటి ఉంటుంది, పోటు వేళ చేపలు అందులో తిరుగుతాయి. ఆ పల్లం ఎక్కడుందో పగలు, పాటు వేళ చూసుకొని గుర్తు పెట్టుకోవాలి. ఒకసారి నేను ఒంటిగంట దాకా విసురుతూనే ఉంటే, అలివి వల సర్దుకుంటున్న పెద్దాయన ఒకరు, "నీళ్ళు తీస్తన్నాయి బాబూ, ఇంక నీ చెయ్యి నొప్పే మిగిలుద్ది," అని నవ్వి పోయారు. ఆయన అన్నట్టే అయింది. అంతకంటే ముఖ్యమైన మాట: రాత్రి సముద్రంలోకి మోకాలి లోతు కూడా దిగవద్దు. అలల లాగుడు చీకట్లో అంచనాకు అందదు, ఇసుకలో పడుకున్న టేకు చేప తోకముల్లు కనపడదు. ముల్లు గుచ్చుకుంటే కాలు కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ఉంచి, అటునుంచి అటే ఆసుపత్రికి పోవాలి. చలికాలం చివర ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో ఒడ్డున తెల్ల లైట్లు తిప్పడం వాటికి చేటు. కృష్ణ సముద్రంలో కలిసే వైపు మడ అడవుల్లో పండుగప్ప ఉంటుందన్నది నిజమే, కానీ అక్కడ చాలా భాగం కృష్ణా అభయారణ్యం పరిధి. అటు వెళ్ళకపోవడమే మంచిది.

మూడింటిలో ఏది ముందు? నన్నడిగితే మొదటి పది రాత్రులు కాలువ లాకుల దగ్గరే గడపమంటాను. విసరడం తక్కువ, చేప ఉండే చోటు ఖాయం, లూర్ అడుగు తగిలితే వెంటనే తెలుస్తుంది. సముద్రం చేయి తిరిగాకే.

లూర్ల విషయంలో దుకాణంలో గోడ నిండా వేలాడే రంగుల్ని చూసి ముందుగా మోసపోయేది మనమే, చేప కాదు. చీకట్లో ఎరుపు, నీలం, ఆకుపచ్చ అన్నీ ఒకటే. కింద నుంచి చూసే చేపకు ఆకాశం ఎంతో కొంత వెలుతురుగా కనిపిస్తుంది కనుక, దాని ముందు అన్నిటికంటే స్పష్టంగా ఆనేది నల్లటి ఆకారం. అందుకే నా పెట్టెలో సగం నల్లవే. ఘాట్ దీపాల కింద మాత్రం తెలుపుకూ వెండి రంగుకూ విలువ ఉంది.

ఆకారం, నడక బట్టి చూస్తే పోటీ నాలుగింటి మధ్య. మొదటిది తేలే మిన్నో: ముందు చిన్న ప్లాస్టిక్ నాలుక ఉండి, లాగితే మూరెడు లోతున ఒళ్ళు ఊపుతూ నడిచి, ఆపితే పైకి తేలివచ్చే తొమ్మిది నుంచి పదకొండు సెంటీమీటర్ల లూర్. రెండోది పాపర్, అంటే నీటి పైన గుటుకు గుటుకుమని చప్పుడు చేసేది. మూడోది సీసపు తల ఉన్న జిగ్ గాలానికి తొడిగే మెత్తటి రబ్బరు చేప. నాలుగోది స్పూన్, అంటే వంచిన రేకు.

పాపర్ మీద నాకు మోజు ఉన్నా, దానిని మొదట కొనమని చెప్పలేను. నిశ్చలమైన నీటిలో దాని చప్పుడు దూరం పోతుంది, నిజమే; కానీ చీకట్లో చేప గురి తప్పి పక్కన కొట్టడం ఎక్కువ, ఆ చప్పుడుకు మనం ఉలిక్కిపడి రాడ్ ఎత్తేస్తే లూర్ గాలిలోకి లేచి మొహం మీదికి వస్తుంది. చప్పుడు వినగానే కాక, బరువు చేతికి తగిలాకే లాగగలిగే నిదానం వచ్చేదాకా పాపర్‌ను పెట్టెలోనే ఉంచడం మేలు. స్పూన్ మెరుపు మీద బతికే వస్తువు. మెరవడానికి వెలుతురు లేనప్పుడు దాని గొప్ప సగం పోతుంది. ఎదురుగాలిలో దూరం పోవాలంటే సముద్రపు ఒడ్డున మాత్రం దానికి సాటి లేదు, ఇరవై ఎనిమిది గ్రాములది ఒకటి అక్కడికి చాలు.

అసలు పోటీ మిన్నోకూ రబ్బరు చేపకూ. రబ్బరు చేప చవక, పోయినా బాధ ఉండదు. ఏడు నుంచి పది గ్రాముల తలతో కాలువలోనూ, ఇరవై గ్రాములతో సముద్రంలోనూ అడుగు దాకా వెతకగలదు. తోక ఊపు నెమ్మదిగా లాగినా ఆగదు. కానీ అది అడుగుకు పోయేదే కనుక మెట్ల రాళ్ళలో, కాలువ అడుగున గుడ్డపీలికల్లో చిక్కుకుంటూ ఉంటుంది. చిక్కిందో చేప పట్టిందో తెలియడానికి కొత్తవారికి నెలలు పడుతుంది. ఎక్కువసార్లు అది కిందికి దిగేటప్పుడే చేప దానిని పడుతుంది, ఆ క్షణంలో దారం వదులుగా ఉంటే మనకు ఏమీ తెలియదు.

తేలే మిన్నో ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. నాలుక నీటిని తన్నుతున్నంతసేపూ రాడ్ కొన సన్నగా అదురుతూ ఉంటుంది; కళ్ళు మూసుకున్నా ఆ అదురు అరచేతికి అందుతుంది. అదురు ఆగిపోయిందంటే గడ్డిపోచ తగులుకుంది, బరువెక్కిందంటే ఉరవడిలోకి వచ్చింది, ఒక్క క్షణం తేలికైపోయిందంటే వెనకనుంచి చేప దానిని ముందుకు నెట్టుకొచ్చింది. రాయి తగిలితే లాగడం ఆపండి, తనంతట తనే పైకి తేలుతుంది. నేను లాకు దగ్గర చేసేది ఇది: విసిరాక లూర్ నీటిని తాకిన చప్పుడు విని మనసులో మూడు లెక్కపెడతాను, రీల్ పిడిని రెండు సెకన్లకు ఒక చుట్టు చొప్పున అయిదు చుట్లు తిప్పుతాను, ఆపుతాను, మళ్ళీ తిప్పుతాను. సాధారణ 3000 సైజు రీల్ ఒక చుట్టుకు ముప్పాతిక మీటరు దగ్గరగా దారం చుడుతుంది కాబట్టి, ఉరవడికీ నిలవనీటికీ మధ్య ఉన్న సందుకు లూర్ ఎప్పుడు చేరుతుందో లెక్కతోనే తెలిసిపోతుంది. చాలా పట్లు ఆ ఆపిన క్షణంలోనే పడ్డాయి. ఒక్క లూర్ కొనుక్కునే డబ్బే ఉంటే నల్లటి తేలే మిన్నో కొనండి. రెండోదానికి ఉంటే రబ్బరు చేపలు. లోపల గవ్వల్లా గలగలమనే గుళ్ళు ఉన్న మిన్నో బురదనీటి కాలువకు మంచిది. తేటగా, నిలకడగా ఉన్న ఘాట్ నీటిలో చప్పుడు లేనిదే మేలు.

దారం దగ్గరకు వస్తే తంగూసా (ఒంటి పోగు నైలాన్ దారం), బ్రెయిడా (సన్న పోగులు అల్లిన దారం) అన్నది ఎప్పటి గొడవో. బ్రెయిడ్ సాగదు, కాబట్టి పైన చెప్పిన అదురంతా చేతికి చేరుస్తుంది. సన్నగా ఉండి దూరం పోతుంది. దాని జబ్బు చిక్కుపడడం: విసిరిన వెంటనే వదులు దారం రీల్ మీద ఉంగరంలా మిగిలి, తర్వాతి విసురులో ముడిపడి పిచ్చుకగూడు అవుతుంది, చీకట్లో దానిని విప్పడం కన్నా కోసెయ్యడం సులువు. తంగూస్ సాగుతుంది, కబురు ఆలస్యంగా చెబుతుంది, కానీ తప్పుల్ని క్షమిస్తుంది. నా ఎంపిక బ్రెయిడే, ఒక షరతు మీద: లూర్ నీటిని తాకగానే, విసిరేందుకు తెరిచిన రీల్ తీగను (బెయిల్) చేత్తో మూసి, దారాన్ని ఒకసారి వేళ్ళతో బిగించి అప్పుడు తిప్పాలి. ఈ అలవాటు లేనివారు ఆరు నెలలు తంగూస్‌తో ఉండడంలో నామోషీ లేదు. ఏదైనా సరే, చివర, లూర్‌కు ముందు, రెండు బారల మందపాటి తంగూస్ ముక్క (లీడర్) తప్పనిసరి. వాలుగ పళ్ళకూ, కత్తిలా కోసే పండుగప్ప మొప్ప మూత అంచుకూ సన్న దారం ఆగదు. రాడ్ కాలువకూ ఘాట్‌కూ ఏడడుగులు, సముద్రానికి తొమ్మిది పదడుగులు. రెంటికీ ఒకటే కావాలని ఎనిమిదడుగులది కొంటే రెండు చోట్లా అసంతృప్తే.

గాలాల మాట చివరకు వచ్చినా, నా దృష్టిలో రాత్రి వేటకు ఇదే మొదటి ఎంపిక. కొన్న మిన్నోలకు ఎక్కువగా మూడు కొక్కేల ట్రెబుల్ హుక్‌లు రెండు ఉంటాయి. రెండేళ్ళ కిందట ఒక లాకు గట్టు మీద, కిలో కూడా లేని జెల్ల ఒకటి ముందు ట్రెబుల్‌కు పడింది. దాని ముల్లు గుచ్చుకోకుండా పట్టుకోవాలన్న ధ్యాసలో వెనక ట్రెబుల్‌ను మరిచాను. చేప ఒక్కసారి విదిల్చింది. ఒక కొక్కెం, వెనక్కి రాకుండా మొన పక్కన ఉండే దాని ముల్లు దాటేదాకా, నా బొటనవేలిలోకి దిగింది, అవతల కొక్కెం ఇంకా జెల్ల దవడలోనే ఉంది. అది కొట్టుకున్నప్పుడల్లా నా వేలు దానితోపాటే కదిలింది. ఎడమ చేత్తో జేబులో పటకారు వెతికి, నోటితో లైటు పట్టుకొని, చేపను విడిపించేసరికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. వేలిలోని కొక్కేన్ని లాగలేదు. లూర్‌ను కత్తిరించి, కొక్కెంతోనే బండి నడుపుకొని ఆసుపత్రికి పోతే, డాక్టరు మత్తు ఇచ్చి, మొనను ముందుకు నెట్టి బయటకు తెచ్చి, ముల్లు కోసి తీశారు, ధనుర్వాతం ఇంజెక్షను ఇచ్చారు.

ఆ తర్వాత రాత్రికి తీసుకెళ్ళే ప్రతి లూర్‌కూ ట్రెబుల్స్ తీసేసి ఒంటి గాలాలు వేశాను, వాటి ముల్లును పటకారుతో నొక్కేశాను. దీనివల్ల కొన్ని చేపలు తప్పించుకుంటాయి, ఒప్పుకుంటాను. కానీ చేప నోటినుంచీ, మన చర్మం నుంచీ, చొక్కా చేతి నుంచీ గాలం ఒక్క తిప్పుతో వస్తుంది. ఒంటి గాలం బరువు తేడా వల్ల మిన్నో నడక మారవచ్చు కాబట్టి పగలు నీటిలో లాగి చూసుకోవాలి.

లైటు తలకు కట్టుకునేదే కొనండి, ఎర్ర వెలుగు కూడా ఉన్నది. ముడి వేయడానికి, లూర్ మార్చడానికి ఎరుపు చాలు, కంటికి అలవాటైన చీకటి చెదరదు. తెల్ల వెలుగు నడవడానికీ, పాములు చూసుకోవడానికీ. ఏ వెలుగూ మాటిమాటికీ నీటి మీద పడకూడదు.

ఏ రాత్రి వెళ్ళాలన్నది సముద్రానికీ కాలువకూ వేరు. సముద్రానికి అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు పోటు పెద్దది; అందులో అమావాస్య వైపుకే నా మొగ్గు, వెన్నెలలో ఒడ్డున మన కదలికే చేపకు కనబడుతుంది. పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కనుక, ఒక రోజు వేళ తెలిస్తే వారం లెక్క వేసుకోవచ్చు. నిండు పోటుకు రెండు గంటల ముందు చేరుకొని, నీరు తీయడం మొదలయ్యాక గంటలో రాడ్ మడవండి. కాలువకు చంద్రుడితో పెద్దగా పని లేదు. అక్కడ చూడవలసింది నీటి మట్టం: రెండు మూడు రోజులుగా నిలకడగా ఉంటే వెళ్ళండి, ఆ రోజే పెంచితేనో తగ్గిస్తేనో మానుకోండి. ఎక్కడికైనా ఒంటరిగా వద్దు, వెళ్ళే చోటు ఇంట్లో చెప్పి వెళ్ళండి.

పట్టిన చేపను ఉంచుకోవాలా వదలాలా అన్నది కూడా ఒక ఎంపికే. వాలుగ సంఖ్య తగ్గిపోయి, అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ముప్పున్న చేపల్లో చేరింది. నేను వాటిని వదిలేస్తాను. పండుగప్ప ముందు మగచేపగా ఎదిగి, పెద్దదయ్యాక ఆడచేపగా మారుతుంది కనుక కూరకు నడిమి సైజు, నీటికి పెద్దది. ఒకసారి ఉప్పుటేరు గట్టున తలలైటు ఎరుపులో పెట్టి వంగితే, పండుగప్ప కన్ను నిప్పుకణికలా వెలిగింది. గాలం ముల్లు లేనిది. పటకారుతో ఒక తిప్పు తిప్పి, పొట్ట కింద తడిచేయి ఉంచి నీటిలో పట్టుకున్నాను. మొప్పలు నాలుగైదుసార్లు తెరిచి మూసి, తోకతో మొహం మీదికి నీళ్ళు చల్లి పోయింది.